మీ ఊరాయన

వాసుదేవరావుగారికి గుండెజబ్బు కాక ఇంకో జబ్బుంది. గుండెకైతే రెండు స్టెంట్లు వేసి డాక్టర్లు చేతులు దులుపుకున్నారు గానీ, ఈ రెండోదానికి అమెరికాలో కూడా మందు దొరకలేదు. మనిషి కనబడితే చాలు, ఊరేదో, ఇంటిపేరేదో, తండ్రి ఏం చేసేవారో, తల్లి ఉన్నారో లేరో, ఉంటే ఎవరి దగ్గర ఉంటున్నారో అడగందే ఆయనకి ముద్ద దిగదు. ఎడిసన్‌లో మనవాళ్ళ కొట్లుండే ఓక్ ట్రీ రోడ్డుకి కరివేపాకు కోసం వెళ్ళి, కౌంటర్ దగ్గరున్నావిడ మేనమామ ఏలూరు కాలేజీలో తన క్లాస్‌మేటని తేల్చుకుని, ఆ సంబరంలో కరివేపాకు అక్కడే మరిచిపోయి వచ్చిన సందర్భాలు ఒకటీ రెండూ కావు.

అడగడం ఒక్కటే అయితే సగం జబ్బే. విన్నది ఇంకొకళ్ళకి చెప్పడం మిగతా సగం. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. ఇందులో దురుద్దేశం ఇసుమంతైనా లేదు, ఆ మాట ముందే చెప్పుకోవాలి. నలభై నాలుగేళ్ళ క్రితం న్యూజెర్సీలో దిక్కుతోచక తిరుగుతున్న రోజుల్లో, ముక్కూ మొహం తెలియని ఒక పెద్దాయన 'మీ ఊరాయన ఒకాయన ఉన్నాడు రావయ్యా' అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాడు. ఆ ఊరాయనే ఆయనకి ఉద్యోగం చూపించాడు. అప్పటినుంచీ ఒక ఊరివాళ్ళని ఇద్దర్ని కలిపితే పుణ్యమని ఆయన గట్టి నమ్మకం. వంతెనల డిపార్ట్‌మెంట్‌లో ఇంజనీరుగా రిటైరయ్యారు గానీ, తను కట్టిన అసలైన వంతెనలు ఇవేనని నలుగురిలో చెప్పుకుంటారు.

మిరేయ్ ఆ ఇంటికొచ్చి మూడేళ్ళయింది. ఆయన భార్య లలితకి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయినప్పుడు, కూతురు చరిత కుదిర్చిన హోమ్ ఎయిడ్. హైతీ దేశస్థురాలు, యాభై ఎనిమిదేళ్ళది. ఇర్వింగ్టన్‌లో ముసలితల్లితో ఉంటూ, రోజూ గంటసేపు డ్రైవ్ చేసుకుని ప్లెయిన్స్‌బరోలో వీళ్ళింటికి వచ్చేది. లలితకి స్నానం చేయించి, తల దువ్వి, నడుము పట్టుకుని 'ఒకటీ, రెండూ, మూడూ' అని తెలుగులో అడుగులు లెక్కపెడుతూ మెయిల్‌బాక్స్ దాకా నడిపించేది. ఆ అంకెలు లలితే నేర్పింది. పోయిన మాట ముక్కలు ముక్కలుగా తిరిగొస్తున్నప్పుడు, ఆ ముక్కల్ని ఓపిగ్గా ఏరుకున్న మనిషి మిరేయ్. మొగుడికి అర్థంకాని మాటలు కూడా ఆమెకి అర్థమయ్యేవి.

అంత మంచి మనిషికి కొన్ని చిత్రమైన అలవాట్లుండేవి. గుమ్మానికి వీపు పెట్టి కూర్చునేది కాదు. టీవీలో ఏ దేశపు ప్రెసిడెంట్ కనబడినా లేచి కిచెన్‌లోకి వెళ్ళిపోయేది. ఇక వాసుదేవరావుగారి ప్రశ్నలకి ఆమె దగ్గర మొదటి ఏడాదంతా జవాబే లేదు. ఏ ఊరు అంటే 'హైతీ' అనేది. హైతీలో ఏ ఊరు అంటే 'చిన్న ఊరు సర్' అనేది.

ఆయన వదులుతారా? హైతీ గురించి ఇంటర్నెట్‌లో చదివారు. దువాలియేలని తండ్రీకొడుకులు ఆ దేశాన్ని ఇరవై తొమ్మిదేళ్ళు గుప్పిట్లో పెట్టుకున్నారట. వాళ్ళ తరఫున జనాన్ని పట్టుకుపోయేవాళ్ళని టోంటో మకూట్‌లనేవారట. మనం పిల్లల్ని బూచాడికిస్తామని బెదిరించినట్టు, అక్కడ గోనెసంచి మామ ఎత్తుకుపోతాడని బెదిరిస్తారు. ఆ పేరే వాళ్ళకొచ్చింది. ఇదంతా చదివి ఊరుకుంటే బాగుండేది. "మాకూ ఇరవై ఒక్క నెలలు ఎమర్జెన్సీ ఉండేది మిరేయ్. అప్పుడు నేను ఇరిగేషన్‌లో చేసేవాణ్ణి. రైళ్ళు మాత్రం టైముకొచ్చేవి," అన్నారు. ఆమె లలిత దిండు సర్దింది. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే ఆయనకి తన చెంప తానే వాయించుకోవాలనిపిస్తుంది.

తన సంగతులు చెబితే ఎదుటివాళ్ళు వాళ్ళ సంగతులు చెబుతారన్నది ఆయన పద్ధతి. ఏలూరు, తండ్రి జూట్ మిల్లు గుమస్తాగిరీ, తల్లి ఆస్తమా అన్నీ చెప్పారు. రెండో ఏడు మిరేయ్ కొంచెం మెత్తబడింది. ఊరు జాక్మెల్. తండ్రి పేరు ఆంట్వాన్, స్కూలు మాస్టారు. "పోయారా?" అంటే "పోయారు" అంది. అంతకుమించి రాలేదు. ఒకసారి ఆమెకి ఫ్లూ వస్తే ఆయన చరితని వెంటబెట్టుకుని ఇర్వింగ్టన్ వెళ్ళి మిరియాల చారు ఇచ్చి వచ్చారు. బేకరీ పైన రెండో అంతస్తు, వెనకవైపునుంచి మెట్లు. ఎనభై ఆరేళ్ళ తల్లి తలుపు సందులోంచే చారు అందుకుని, గొళ్ళెం తియ్యకుండా నమస్కారం పెట్టింది. పౌరసత్వం వచ్చి పాతికేళ్ళయినా ఆవిడ తలుపు పక్కన ఒక చిన్న పెట్టె సర్దే ఉంచుకుంటుందని మిరేయ్ తర్వాత నవ్వుతూ చెప్పింది.

ఇక లియోన్ సంగతి. టౌన్‌షిప్ రిక్రియేషన్ సెంటర్‌లో ముసలివాళ్ళు పొద్దున్నే చుట్లు కొట్టే ట్రాక్ ఒకటుంది. లియోన్ అక్కడ పరిచయం. డెబ్భై ఏడేళ్ళు, ఇస్త్రీ చొక్కా, మెత్తటి గొంతు. ఆస్పత్రి పార్కింగ్‌లో పనిచేసి రిటైరై కొడుకు దగ్గర ఉంటున్నాడు. ఒకరోజు వాసుదేవరావుగారికి కళ్ళు తిరిగితే పడిపోకుండా పట్టుకుని, కార్‌లో ఇంటిదగ్గర దింపాడు. చెప్పేవాడికి వినేవాడు దొరకడం లోకంలో చాలా కష్టం. లియోన్ వినేవాడు. తల ఊపుతూ, మధ్యమధ్యలో చిన్న ప్రశ్న వేస్తూ, చెప్పేవాడికి తన బతుకంతా ఎంతో ముఖ్యమైనదనిపించేలా వినేవాడు. అలాంటి మనిషిది హైతీ అనీ, అందులోనూ జాక్మెల్ అనీ తెలిసిన రోజున వాసుదేవరావుగారి కాళ్ళు నేలమీద ఆనలేదు.

"మా ఇంటికొచ్చే మిరేయ్‌ది మీ ఊరేనయ్యా! ఆంట్వాన్ అని, స్కూల్ మాస్టారు, వాళ్ళమ్మాయి."

లియోన్ రెండడుగులు వేసి ఆగాడు. "వాళ్ళమ్మగారు ఉన్నారా?" అని అడిగాడు.

ఉన్నారన్నారు. ఎక్కడంటే ఇర్వింగ్టన్ అన్నారు. ఇర్వింగ్టన్‌లో ఎక్కడంటే బేకరీ పేరు చెప్పారు. అడగకపోయినా మెట్లు వెనకవైపు అని కూడా చెప్పారు. ఆ పైన శుక్రవారం మధ్యాహ్నం భోజనానికి పిలిచి, "మిరేయ్‌కి చెప్పొద్దు, సర్‌ప్రైజ్ చేద్దాం," అన్నారు.

శుక్రవారం పులిహోర, గుత్తివంకాయ, బొబ్బట్లు ఎడిసన్‌నుంచి తెప్పించారు. బెల్ మోగగానే, "మిరేయ్, నువ్వే తియ్యి," అని ముసిముసిగా నవ్వుతూ ఆమె వెనకే వెళ్ళి నిలబడ్డారు. తలుపు తీశాక "మీ ఊరాయన్ని తీసుకొచ్చాను చూడు!" అనడానికి నోరు తెరిచారు. ఈలోగా మిరేయే అంది: "బొంజూర్, మెస్యే లియోన్."

వచ్చినవాడి పేరు వాసుదేవరావుగారు ఇంకా చెప్పనేలేదు. "అరే, ముందే ఎరుకన్నమాట!" అని చప్పట్లు కొట్టారు.

ఆ భోజనం ఆయన కళ్ళారా చూశారు, కానీ ఏమీ కనబడలేదు. మిరేయ్ నవ్వుతూనే ఉంది. లియోన్‌కి మంచినీళ్ళ గ్లాసు రెండు చేతులతో అందించింది. మన సంప్రదాయంలాగే ఉందే అని ఆయన ముచ్చటపడ్డారు. లియోన్ వాళ్ళ భాషలో ఏదో అడిగాడు. ఆమె తల వంచుకుని ఒక్కో మాటతో జవాబిచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు, లియోన్ కుర్చీ పక్కన నిలబడే వడ్డించింది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి పదేళ్ళ పిల్లలా ఒదిగిపోయి ఉంటే, ఊరి పెద్దల పట్ల ఎంత గౌరవమో అనుకున్నారు.

లలిత మాత్రం తినలేదు. మిరేయ్ ముద్ద పెట్టబోతే మొహం తిప్పుకుంది. పనిచేసే ఎడమచేత్తో మిరేయ్ చొక్కా అంచు పట్టుకుని, లియోన్ లేచేదాకా వదల్లేదు. "ఇంటికి పెద్దమనిషి వస్తే ఏమిటోయ్ ఈ మంకు," అని ఆయన విసుక్కున్నారు కూడా.

లియోన్ వెళ్ళాక మిరేయ్ బాత్‌రూంలోకి వెళ్ళింది. అరగంటసేపు కుళాయి నీళ్ళ చప్పుడు వస్తూనే ఉంది. బయటికొచ్చేసరికి మొహం కడిగేసి ఉంది, జుట్టు కూడా తడిసింది.

"ఎలా ఉంది నా సర్‌ప్రైజ్?" అన్నారాయన బొబ్బట్టు నములుతూ.

"సర్, మీరు ఆయనకి నా గురించి ఏమేం చెప్పారు?"

"ఏముంది, మీ ఊరు, మీ నాన్నగారి పేరు, మాస్టారని..." ఆయన వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టడం మొదలుపెట్టారు.

"ఇంకా?"

"మీ అమ్మగారు ఇర్వింగ్టన్‌లో..." వేలు మడత పడలేదు.

"ఇల్లెక్కడో చెప్పారా?"

ఆయన జవాబు చెప్పలేదు. డెబ్భై ఆరేళ్ళలో అడిగినదానికి ఆయన జవాబు చెప్పకపోవడం అదే మొదటిసారేమో. అది చాలు ఆమెకి. సంచీ భుజాన వేసుకుంది. గుమ్మం దాకా వెళ్ళి, తలుపు తియ్యకుండా అటు తిరిగే చెప్పింది. గొంతు మామూలుగానే ఉంది.

క్లాస్‌రూంలో గోడలకి సున్నం వేస్తూ వాళ్ళ నాన్న ప్రెసిడెంట్ పటాన్ని దించాడు. దించి మొహం గోడవైపు పెట్టాడు. అంతే ఆయన చేసిన నేరం. ఎవరో హెచ్చరిస్తే కొండమీద మేనత్త ఇంటికి పోయి దాక్కున్నాడు. మిరేయ్‌కి తొమ్మిదేళ్ళు. బజారులో ఒకాయన రంగు సిరప్ పోసిన ఐసు కొనిచ్చాడు. పక్కన కూర్చుని ఆమె చదువేమిటో, స్నేహితులెవరో అన్నీ అడిగాడు. ఓపిగ్గా విన్నాడు. "మీ నాన్నని చూసి చాలా రోజులైందమ్మా, ఎక్కడున్నారు?" అన్నాడు. అత్త ఇంట్లో అని చెప్పింది. ఐసు అయిపోకముందే చెప్పింది. ఆ సాయంత్రం నాన్నని జీపులో తీసుకెళ్ళారు. మళ్ళీ రాలేదు.

"ఎవరో చెప్పారని మా అమ్మ నలభై తొమ్మిదేళ్ళుగా అంటూనే ఉంది సర్. పక్కింటివాళ్ళనీ, స్కూలు బంట్రోతునీ, చివరికి మా అత్తనీ అనుమానించింది. అది నేనని ఇంతవరకూ అమ్మకి చెప్పలేదు." తలుపు తీసింది. "ఆయన కూడా మీలాగే అడిగారు సర్. నవ్వుతూ. అందుకే మొదటి ఏడాది మీకు చెప్పలేకపోయాను. తర్వాత మీరు మంచివారనుకున్నాను."

కార్ వెళ్ళిపోయింది. బొబ్బట్టు ఇంకా ఆయన చేతిలోనే ఉంది.

సాయంత్రం చరిత వచ్చి అంతా విని తల పట్టుకుంది. "నాన్నా, అతను అయామ్ షూర్ ఏమీ చెయ్యడు. సెవెంటీ సెవెన్ ఇయర్స్ ఓల్డ్. కావాలంటే పోలీస్‌కి రిపోర్ట్ చేద్దాం," అంది. ఫోన్ చేస్తే, పోలీసు అన్న మాట వినగానే మిరేయ్ "వద్దు, వద్దు, ప్లీజ్," అంటూ ఏడ్చింది. "ఏ యూనిఫాం అయినా మా ఇంటి మెట్లెక్కితే అమ్మ చచ్చిపోతుంది," అంది. ఆ శనివారమే తల్లీకూతుళ్ళు ఇల్లు ఖాళీ చేశారు. ఇరవై రెండేళ్ళు కాపురమున్న ఇల్లు. తలుపు పక్కన సర్దిపెట్టుకున్న పెట్టె చివరికి అక్కరకొచ్చింది, వాసుదేవరావుగారి పుణ్యమా అని.

సోమవారం మిరేయ్ వచ్చింది. లలితకి స్నానం చేయించడానికీ, కొత్తగా కుదిరిన గిరిజ అనే ఆవిడకి పని చూపించడానికీ, ఆ ఒక్కరోజుకే. వాసుదేవరావుగారు రాత్రంతా కూడగట్టుకున్న మాటలన్నీ చెప్పారు. తెలివితక్కువవాణ్ణన్నారు. కావాలంటే కాళ్ళు పట్టుకుంటానన్నారు. చేతులు జోడించారు కూడా.

"ఫరవాలేదు సర్," అంది మిరేయ్, నవ్వి. ఆయనకి దగ్గొస్తే వెళ్ళి మంచినీళ్ళు తెచ్చింది. గ్లాసు రెండు చేతులతో అందించింది.

ఆ గ్లాసు అందుకోవడానికి ఆయనకి చెయ్యి రాలేదు. తిట్టి ఉంటే బాగుండేది. మొహాన ఉమ్మేసినా తుడుచుకుని ఊరుకునేవారు. లియోన్‌కి నవ్విన నవ్వే తనకీ నవ్వింది. అంటే ఆమెకిప్పుడు తనన్నా భయమే. వెళ్ళేముందు లలిత గదిలో తలుపు వేసుకుని చాలాసేపు కూర్చుంది. బయటికొచ్చి, ఆయన్ని దాటుకుని, "బై సర్, థాంక్యూ సర్," అని వెళ్ళిపోయింది.

బుధవారం ట్రాక్ దగ్గర ఆయన లియోన్‌ని పట్టుకున్నారు.

"ఆ పిల్లకి ఐసు కొనిచ్చింది నువ్వేనా?"

లియోన్ తప్పించుకోలేదు. బెంచీమీద కూర్చున్నాడు. "నేనే. ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను రావ్. కేక్ తీసుకుని వెళ్ళాను. ఆ పెద్దావిడ కాళ్ళ దగ్గర కూర్చుని క్షమించమని అడుగుదామని. ఇల్లు ఖాళీగా ఉంది."

నిజమే చెబుతున్నాడేమో. కానీ ఆ మెట్లమీద కేక్ పట్టుకుని ఎక్కినా, తుపాకి పట్టుకుని ఎక్కినా లోపలున్నావిడకి వినిపించేది ఒకే అడుగుల చప్పుడు. "ఎంతమందిని చంపించావు?" అని మాత్రం అన్నారు.

"నేనెవర్నీ కొట్టనుకూడా లేదు. వాళ్ళు అడగమన్నారు, అడిగాను. జనం చెప్పేవాళ్ళు." లియోన్ ఆ మెత్తటి గొంతుతోనే, నిజంగా బాధపడుతున్నట్టే అన్నాడు: "మీరూ చెప్పారు కదా రావ్. నేను మిమ్మల్ని ఏమైనా కొట్టానా?"

చేసిన పాపం చెబితే పోతుందంటారు పెద్దలు. చెప్పడమే పాపమైనవాడు ఎవరికి చెప్పుకోవాలి? వాసుదేవరావుగారు ఇంటికొచ్చి సోఫాలో కూలబడ్డారు. ఎవరు ఫోన్ చేసినా ఎత్తలేదు. గిరిజది ఏ ఊరో, ఇంటిపేరేదో అడగలేదు. ఆవిడే ఉండబట్టలేక మూడోరోజున "మాది నల్లగొండ దగ్గరండి," అని చెబితే, వద్దన్నట్టు చెయ్యి ఊపారు. గిరిజ మంచిదే, పని శుభ్రంగా చేస్తుంది. లలిత మాత్రం ఆవిడ చెయ్యి పట్టుకుని మెయిల్‌బాక్స్ వైపు ఒక్క అడుగు వెయ్యలేదు. కుర్చీలో కూర్చుని దారివైపు చూసేది.

మూడు వారాలు గడిచాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయన మందులిద్దామని లలిత గదివైపు వెళ్తుంటే లోపల్నుంచి మాటలు వినిపించాయి. లలిత గొంతే. ముక్కలు ముక్కలుగా, గుక్క తిప్పుకుంటూ, అయినా హుషారుగా మాట్లాడుతోంది. మధ్యలో నవ్వింది. పక్షవాతం వచ్చాక ఆమె అలా నవ్వగా ఆయన వినలేదు. ప్రాణం లేచొచ్చి గబగబా తలుపు తీశారు.

లలిత ఫోన్‌ని ఒళ్ళో బోర్లా పెట్టేసింది.

"మిరేయేనా?" అన్నారు. "ఎక్కడుందిట? ఏ ఊరు వెళ్ళారు? వాళ్ళమ్మగారు ఎలా ఉన్నారు, మెట్లెక్కగలుగుతున్నారా?" ఆపుదామన్నా ఆగలేదు, ప్రశ్నలన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చేశాయి.

లలితకి తెలుసు. ఆ సోమవారం తలుపు వేసుకుని మిరేయ్ ఆమెకి అన్నీ చెప్పే వెళ్ళింది. ఇప్పుడా సంగతి ఆమె కళ్ళలోనే కనబడుతోంది. వంకర తిరిగిన పెదాల్ని కూడదీసుకుని, నలభై ఎనిమిదేళ్ళు కాపురం చేసిన మొగుడి మొహంలోకి చూస్తూ, ఒక్కో అక్షరం విడగొట్టి అంది.

"చె... ప్ప... ను."

కోపంగా అనలేదు. జాలిగానే అంది. ఆయన మాత్రల గ్లాసు బల్లమీద పెట్టి, "అవును, చెప్పకు," అన్నారు. "నాకు చెప్పకు." బయటికొచ్చి తలుపు దగ్గరగా వేశారు.

హాల్లో నిలబడి చాలాసేపు చూశారు. లోపల మాట మొదలవలేదు. ఫోన్‌లో ఆ చివర ఆమె, ఈ చివర ఈమె, ఇద్దరూ ఊపిరి బిగబట్టి ఉన్నారని, తలుపు అవతల తానింకా ఉన్నాడేమోనని ఆలకిస్తున్నారని ఆయనకి మెల్లగా తెలిసింది. చెప్పులు వేసుకుని, లోపలికి వినబడేటట్టు గట్టిగా నేలకేసి కొడుతూ, వీధి తలుపు దాకా నడిచి వెళ్ళిపోయారు.